పాత జీపులకు వెడల్పు టైర్లు: కాలవ గట్ల మీద కొత్త గండం

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం నుంచి ఉండి పోయే రోడ్డు పక్కన నిలబడి చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఈ మధ్య మన కుర్రకారుకు కొత్త కార్ల మీద కన్నా పాత జీపుల మీద మోజు ఎక్కువైంది. ఎక్కడో షెడ్డు మూల తుప్పుపట్టి పడి ఉన్న జీపును కొని తెచ్చి, రంగు వేయించి, టాపు తీయించి, ముందు నాలుగు లైట్లు పెట్టించి బయలుదేరుతున్నారు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పాత బండిని బాగుచేసుకుని నడుపుకోవడం మంచి అలవాటే. చిక్కల్లా చక్రాల దగ్గర వచ్చింది. ఆ జీపుకు కంపెనీ వాళ్ళు ఇచ్చిన సన్నటి చక్రాలు పీకి పక్కన పడేసి, వాటి స్థానంలో రోడ్డు రోలరు చక్రాల వంటివి బిగిస్తున్నారు. అవి మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకు వస్తున్నాయి. అలా పొడుచుకు రావడమే అందమట.

అందం సంగతి ఎవరి కళ్ళను బట్టి వారిది. ఈ విలేఖరి రాయదలచుకున్నది దాని గురించి కాదు. ఆ జీపుల్లో తిరిగేది ఆ కుర్రవాళ్ళు ఒక్కరే అయితే వాళ్ళ ఇష్టం అని ఊరుకోవచ్చు. పండగ వెళ్ళిన మర్నాటి నుంచి అవే జీపుల్లో దాళ్వా నాట్లకు కూలీలను తోలుతున్నారు. పిల్లలను బడికి దింపుతున్నారు. నొప్పులు వస్తున్న ఆడకూతురిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళేదీ ఆ జీపే. మన రోడ్లు ఎటువంటివో చెప్పనక్కరలేదు. ఒక పక్క కాలవ, రెండో పక్క చేపల చెరువు. ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు గట్టు అంచుకు దిగవలసిందే. అటువంటి చోట బండికి చక్రం ఏది ఉండాలన్నది ఊరందరి విషయం అవుతుంది.

ఇది విని రాస్తున్నది కాదు, పడి రాస్తున్నది.

మా బావమరిది రెండేళ్ళు డబ్బు కూడబెట్టి ఒక పాత జీపు కొన్నాడు. ఇంజను బాగానే ఉంది. చాసిస్ కూడా గట్టిదే. మొదటి నెలంతా దాన్ని తుడుచుకోవడంతోనే సరిపోయింది. తరవాత ఒకనాడు పట్నం వెళ్ళి చక్రాలు మార్పించి తెచ్చాడు. ఎంతయిందిరా అంటే చెప్పలేదు. వాళ్ళ అమ్మగారి గాజులు నాలుగు తాకట్టులోకి వెళ్ళిన సంగతి మాత్రం మా ఇంట్లో ఆవిడ ద్వారా తరవాత తెలిసింది. నిజం ఒప్పుకోవాలంటే జీపు చూడముచ్చటగానే ఉంది. నేనూ ఎక్కి ఊళ్ళో ఒక చుట్టు తిరిగి వచ్చాను.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలు పట్టుకున్న రోజులవి. కోసిన చేలు నీళ్ళలో ఉన్నాయి. కుప్పల మీద కప్పడానికి బరకాల కోసం తణుకు వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తున్నాం. బావమరిది నడుపుతున్నాడు, నేను పక్కన ఉన్నాను. వెనక బరకాల కట్టల మీద మా వీధివాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. సన్నగా చినుకు పడుతోంది. స్పీడు ముల్లు యాభై దగ్గర ఉంది. కాలవ గట్టు మలుపులో ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, జీపు ఆగలేదు. తడి రోడ్డు మీద పడవలా పోయింది. స్టీరింగు ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకటే. గేదె తన మానాన తాను దాటిపోయింది. మేము గట్టు అంచుకు వెళ్ళాం. అక్కడ ఎడమవైపు ముందు చక్రం గుంటలో పడింది. టప్పుమని చప్పుడయింది. ఆ చక్రం మా కళ్ళముందే దొర్లుకుంటూ కాలవలోకి దిగింది. జీపు ముక్కు నేలకు గుచ్చుకుని, ఒక తుమ్మచెట్టుకు ఆనుకుని నిలిచింది.

ఆ తుమ్మచెట్టును ఎవరు నాటారో, ఎవరూ నాటకుండానే మొలిచిందో, దానికి మా నలుగురి ప్రాణాలు బాకీ. వెనక కూర్చున్న ఒకాయనకు ముంజేయి విరిగింది. కోత పని, కుప్ప పని అన్నీ పోయి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆయనకు జీపు లేదు, టైర్ల మోజు అంతకన్నా లేదు. బరకం కోసం వచ్చినవాడు.

మర్నాడు తాళ్ళు వేసి చక్రం పైకి లాగాం. జీపు చక్రానికి అయిదు బోల్టులు ఉంటాయి. చక్రం బయటికి రావడానికని మధ్యలో స్పేసరు అనే ఇనుప బిళ్ళ పెట్టారు. ఆ బిళ్ళకు ఉన్న బోల్టులు అయిదుకి అయిదూ మొదలంటా తెగిపోయి ఉన్నాయి.

బిందె చంకన ఉండాలి

తణుకులో ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. నలభై ఏళ్ళుగా అంబాసిడర్లూ, జీపులూ బాగుచేస్తున్న మనిషి. జీపును ట్రాక్టరుకు కట్టి ఆయన దగ్గరకు లాక్కుపోయాం. ఆయన చక్రం వైపు ఒకసారి చూసి, మా బావమరిదిని ఏమీ అనలేదు. నన్ను పిలిచి, “బాబూ, మీ ఇంట్లో ఆడవాళ్ళు నీళ్ళబిందె ఎక్కడ పెట్టుకుని తెస్తారండీ?” అన్నారు. చంకన అన్నాను. “అదే బిందెను చెయ్యి చాచి పట్టుకు రమ్మనండి. ఎంత దూరం వస్తారో చూద్దాం” అన్నారు.

అంతే సంగతి. ఇరుసు చివర బేరింగులు ఉంటాయి. బరువు ఎక్కడ పడుతుందో లెక్క చూసుకునే కంపెనీవాళ్ళు బేరింగును అక్కడ పెట్టారు. చక్రాన్ని రెండంగుళాలు బయటికి జరిపితే బరువు మారదు కాని, అది పట్టుకు లాగే చోటు మారుతుంది. చాచిన చేతిలో బిందె అయిపోతుంది. బేరింగు వేడెక్కుతుంది. బోల్టు మీద వంపు పడుతుంది. గుంటలో చక్రం పడిన ప్రతిసారీ ఆ దెబ్బ స్టీరింగుకు రెట్టింపుగా వచ్చి చేతులు లాగేస్తుంది. బావమరిది కొత్త చక్రాలు వేయించిన దగ్గర నుంచి భుజాలు నొప్పులంటూ ఉండేవాడు. పొలం పని చేయనివాడికి భుజాలు నొప్పేమిటా అని ఇంట్లో నవ్వుకున్నాం.

రెండోది టైరు కొలత. పాత జీపుకు వచ్చిన టైరు మీద 6.00-16 అని ఉంటుంది. యుద్ధకాలంలో అమెరికా వాళ్ళు వాడిన జీపుకూ ఇదే కొలత. టైరు వెడల్పు ఆరంగుళాలు, రిమ్ము పదహారు అంగుళాలు అని దానికి అర్థం. ఆ టైరు ఎత్తు రమారమి ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు. మా వాడు వేయించిన దాని మీద 31×10.5 అని ఉంది. అంటే ఎత్తు 31, వెడల్పు పదిన్నర. ఎత్తు పెరిగింది కనుక చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది. కాని స్పీడు ముల్లుకు ఆ సంగతి తెలియదు. అది పాత లెక్కే చూపిస్తుంది. ముల్లు యాభై అన్నప్పుడు మేము దాదాపు యాభై అయిదులో ఉన్నాం. అరవై అంటే అరవై అయిదు. బ్రేకు డ్రమ్ములు మాత్రం పాతవే. పెద్ద చక్రాన్ని ఆపడానికి వాటికి బలం చాలదు.

ఇక మూడో సంగతి. ఇది వినగానే నేనూ నమ్మలేదు. టైరు వెడల్పు అయితే నేలను ఎక్కువ పట్టుకుంటుందని కదా మనం అనుకునేది? లెక్క వేసి చూస్తే అలా లేదు. మనుషులతో కలిపి జీపు బరువు 1,200 కిలోలు అనుకుందాం. ఒక్కొక్క చక్రం మీద 300 కిలోలు, అంటే 660 పౌన్లు. టైరులో గాలి 30 పౌన్లు కొట్టాం. 660ని 30 పెట్టి భాగిస్తే 22. నేలకు ఆనే చోటు ఇంచుమించు 22 చదరపు అంగుళాలు. గాలి మార్చకపోతే సన్న టైరయినా, వెడల్పు టైరయినా ఆనే చోటు రమారమి అంతే. తేడా ఆకారంలో ఉంది. సన్న టైరుకు ఆ చోటు నిలువుగా, బండి పోయే దారి వెంట పొడుగ్గా ఉంటుంది. వెడల్పు టైరుకు అడ్డంగా, పొట్టిగా ఉంటుంది.

పొడి రోడ్డు మీద, మలుపుల్లో ఆ అడ్డం ఆకారం మేలు చేస్తుంది. అందులో అబద్ధం లేదు. పందెపు కార్లకు వెడల్పు టైర్లు అందుకే. కాని రోడ్డు మీద నీళ్ళున్నప్పుడు టైరు ముందు ఆ నీళ్ళను పక్కకు తోసి, తరవాత రోడ్డును పట్టుకోవాలి. సన్న టైరు పడవ ముక్కులా నీటిని చీలుస్తుంది. వెడల్పు టైరు పలకలా నీటి మీద వాలుతుంది. తోయవలసిన నీళ్ళు ఎక్కువ, అందుకు దొరికే సమయం తక్కువ. వేగం పెరిగితే టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలిచిపోతుంది. అప్పుడు బ్రేకు, స్టీరింగు రెండూ ఉండీ లేనట్లే. బరువు తక్కువ ఉన్న బండికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ సాయంత్రం మాకు జరిగింది ఇదే.

మన రైతులకు ఇది కొత్త పాఠం ఏమీ కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప కేజీ చక్రాలు ఎందుకు కడుతున్నాం? మోకాలి లోతు బురదలో మామూలు చక్రం దిగిపోతుంది. వెడల్పు చక్రం తేలుతుంది, పట్టు దొరుకుతుంది. అక్కడ వెడల్పే మంచిది. అవే కేజీ చక్రాలతో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు ఏమవుతున్నదో మన ఊళ్ళ రోడ్లు చూస్తే తెలుస్తుంది. ఆ గొడవ వేరే రాయవలసిందే. ఎడ్లబండి కాలంలోనూ ఇంతే. ఇరుసు లావు, ఆకుల లెక్క, పట్టా వెడల్పు అన్నీ ఒకదానికి ఒకటి చూసుకుని వడ్రంగి చక్రం చేసేవాడు. పక్క ఊరి పెద్ద బండి చక్రం బాగుందని తెచ్చి మన బండికి తొడిగితే ఎడ్లు పడేవి, ఇరుసు విరిగేది. టైరుబండి వచ్చినప్పుడు కూడా పాత ఇరుసుకు టైరు తొడగలేదు. ఇరుసు, బేరింగు, చక్రం మొత్తం కలిపి మార్చుకున్నాం.

ఫోనులో బొమ్మ చూసి

ఇంతకీ ఈ మోజు ఎక్కడిది? ఆసుపత్రి నుంచి వస్తూ బావమరిదిని అడిగాను. ఫోను తీసి చూపించాడు. పాత కాలపు స్పోర్ట్సు కార్లు. ఎర్రవి, పచ్చవి, పొట్టిగా నేలకు ఆనుకుని ఉన్నాయి. వాటికి లావు చక్రాలు. “చూడండి బావగారూ, వాళ్ళు యాభై ఏళ్ళ నాటి బండికి వేస్తే లేని తప్పు మనం వేస్తే వచ్చిందా?” అన్నాడు. ఆ ప్రశ్నకు ఆ పూట నా దగ్గర జవాబు లేదు. తరవాత నాలుగు చోట్ల అడిగి, చదివి తెలుసుకున్నాను. వాళ్ళు ఏం చేశారో చూస్తే వాడి వాదనకు వాడి ఫోనులోనే జవాబు ఉంది.

వాడు చూపించిన వాటిలో ఒకటి ఇంగ్లండులో అబింగ్డన్ ఊళ్ళో తయారైన ఎం.జి.బి. అనే రెండు తలుపుల కారు. 1962 నుంచి 1980 వరకు అయిదు లక్షలకు పైగా చేశారు. దానికీ మనకూ ఒక చుట్టరికం ఉంది. మనం పెళ్ళిళ్ళకూ, ఎన్నికలకూ, ఆసుపత్రులకూ ఎక్కి తిరిగిన అంబాసిడరు కారులో ఏళ్ళ తరబడి ఉన్న 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ, ఆ ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజనూ ఒకే కుటుంబానివి. బి.ఎం.సి. కంపెనీ వారి బి సీరీస్ ఇంజన్లు. అంబాసిడరు 2014లో ఆగిపోయింది గాని, ఆ ఇంజను పేరు చెబితే మన పెద్ద మేస్త్రిగారికి ఇప్పటికీ ముఖం వెలుగుతుంది.

ఆ ఎం.జి.బి.కి మొదట వచ్చిన టైరు 5.60-14. రిమ్ము వెడల్పు నాలుగంగుళాలు. మోజుపడి మార్చుకునే ఇంగ్లీషు వాళ్ళలో తెలిసినవారు ఎంతవరకు వెళ్ళారు? అయిదున్నర అంగుళాల రిమ్ము, 185/70 టైరు. 185 మిల్లీమీటర్లంటే రమారమి ఏడుంబావు అంగుళాలు. అంటే టైరు వెడల్పు పెరిగింది అంగుళంన్నర పైచిలుకు. ఇంకో విశేషం చూడండి. ఆ కారుకు తరవాతి రోజుల్లో కంపెనీ వేసిన 165 టైరు ఎత్తూ, ఈ 185/70 టైరు ఎత్తూ ఇంచుమించు సమానం. టైరు లావు చేస్తూ పక్క గోడ పొట్టి చేశారు. స్పీడు ముల్లు అబద్ధం చెప్పదు, గేర్ల లెక్క మారదు. పుల్లల చక్రాలు ఉన్నవాళ్ళయితే అరవై పుల్లలది తీసి డెబ్బైరెండు పుల్లలది వేసుకున్నారు, లావు టైరు లాగే లాగుడుకు పాత పుల్లలు తెగుతాయని. ఆ కారు వెనక ఇరుసు కూడా మన జీపులాగే కమాను కట్టల మీద ఉంటుంది. మలుపులో ఇరుసు కొంచెం పక్కకు జరుగుతుంది. అప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందా అని ముందు చూసుకున్నారు.

అటు అంగుళంన్నర. మన వాళ్ళది ఆరు నుంచి పదిన్నర, అంటే ఒక్క ఊపున నాలుగున్నర అంగుళాలు. రిమ్ము నాలుగున్నర నుంచి ఎనిమిది.

“అది సరే బావగారూ, ఈ పోర్షే చూడండి, ఎంత లావుందో” అన్నాడు. అదీ చూద్దాం. జర్మనీ వారి పోర్షే 911 కారు 1964లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని రిమ్ము నాలుగున్నర అంగుళాలే. టైరు 165. ఇంత పేరున్న కారు అంత సన్న చక్రాల మీద నడిచింది. 1969 నమూనాలో ఎస్ రకానికి ఆరంగుళాల రిమ్ము ఇచ్చారు. ఇచ్చినప్పుడు రిమ్ము ఒకటే మార్చలేదు. బరువు పొందిక కుదరడానికి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు, మడ్‌గార్డులు వెడల్పు చేశారు. 1973లో కరెరా ఆర్.ఎస్. అని తెచ్చినప్పుడు వెనక రిమ్ము ఏడంగుళాలు అయింది. దానికి మళ్ళీ వెనక రేకులు ఉబ్బెత్తుగా వేరే చేయించారు. సొంత ఫ్యాక్టరీ, సొంత ఇంజనీర్లు ఉన్న వాళ్ళకే నాలుగున్నర నుంచి ఏడుకు రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మన కుర్రవాళ్ళు మధ్యాహ్నం పట్నం వెళ్ళి చీకటి పడకముందే నాలుగున్నర నుంచి ఎనిమిదికి వచ్చేస్తున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. పైగా పులికి ఆ చారలు ఎలా వచ్చాయో నక్కకు ఎవరూ చెప్పలేదు.

అమ్మేవాడు చెప్పవలసిన మాట

బావమరిదిని ఒక్కడినే తిట్టి లాభం లేదు. ఆ చక్రాలు బిగించిన షాపువాడు ఏమన్నాడని అడిగాను. “ఏమీ కాదు తమ్ముడూ, అందరూ వేయించుకుంటున్నారు” అన్నాడట. అందులో రెండో మాట నిజమే. మొదటి మాటకు పూచీ ఎవరిది? స్పేసరు బిళ్ళ ఎవరు పోతపోశారో, అది ఎంత బరువుకు చేసిందో దాని మీద ఒక్క అక్షరం లేదు. కొన్నిచోట్ల లేతు షాపుల్లో పాత రిమ్మునే నడిమికి కోసి, మధ్యలో ఇనుప పట్టీ పెట్టి వెల్డింగు చేసి వెడల్పు చేస్తున్నారు. పైన రంగు కొట్టాక అది ఎవరికీ కనపడదు. ఆ అతుకు కొంచెం వంకరపోయినా చక్రం ఊగుతుంది, ట్యూబు లేని టైరయితే రాత్రికి రాత్రి గాలి దిగుతుంది. ఎడ్లబండికి శీల వేయకుండా పంపిన వడ్రంగిని మన తాతలు ఊళ్ళో బతకనిచ్చేవారు కాదు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవాళ్ళు మొదట చూపిన వివరాలకూ సి బుక్కులోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ఇదే సంగతి మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణలో 182ఎ సెక్షను వచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అని అందులో ఉంది. జరిమానా అయితే ఎలాగో కడతారు. అసలు దెబ్బ అది కాదు. మా బావమరిది ఇన్సూరెన్సు కాగితం పట్టుకు వెళ్ళినప్పుడు వాళ్ళు వేసిన మొదటి ప్రశ్న, “ఈ చక్రాల మార్పు రికార్డులో ఉందా?” అని. లేదు. జీపు బాగుకు ఒక్క రూపాయి రాలేదు. చెయ్యి విరిగిన ఆయన ఖర్చు కూడా మేమే పెట్టుకున్నాం. ప్రాణం పోయి ఉంటే ఆ ఇంటివాళ్ళకు ఏం చెప్పేవాళ్ళమో ఊహించుకోవడానికి కూడా మనసు రాదు.

బ్రేకు ఇనస్పెక్టర్లు ఏం చేస్తున్నారన్న మాట రాకమానదు. హెల్మెట్లూ, కాగితాలూ చూస్తున్నారు, మంచిదే. మడ్‌గార్డు దాటి బయటికి వచ్చిన చక్రం కనపడడానికి కాగితాలు కూడా అడగనక్కరలేదు. పదిగజాల దూరం నుంచి కనపడుతుంది. పండగ ముందు రోజుల్లో భీమవరం, పాలకొల్లు, తణుకు సెంటర్లలో నాలుగు రోజులు నిలబడితే చాలు. జరిమానా రాసి పంపేయడం కాకుండా, మనుషులను తోలే జీపుల చక్రాలు మార్పించిన తరవాతే వదలాలి. అమ్మిన షాపులను కూడా అడగాలి. యజమానిని పట్టుకుని షాపును వదిలేస్తే రేపు ఇంకొక బావమరిది అక్కడికే పోతాడు.

కొత్తది ఏదీ వద్దని ఈ విలేఖరి అనడం లేదు. పాత రకం టైరు కన్నా ఇప్పటి రేడియల్ టైరు మంచిదే, రోడ్డును బాగా పట్టుకుంటుంది. జీపుకు వేసుకోదలచినవారు పాత టైరు ఎత్తుకు దగ్గరగా ఉన్నది, వెడల్పు ఒక మెట్టు ఎక్కువ ఉన్నది, ఆ రిమ్ముకు సరిపడేది చూసుకోవాలి. అది ఆ బండికి చెల్లుతుందా అని ఆర్.టి.ఓ. ఆఫీసులో ముందే అడగాలి. స్పేసరు బిళ్ళలు, అతుకు రిమ్ములు మాత్రం తాకవద్దు. బిగించాక మనుషులను ఎక్కించుకుని, స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని వంగి చూడాలి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ ఒకసారి బిగించాలి. ఇది కొత్త టైరుకే కాదు, ఏ చక్రం విప్పి బిగించినా చేయవలసిన పని. మన పంచరు షాపుల్లో ఎవరూ చెప్పరు.

కూలీలను తీసుకువెళ్ళే మేస్త్రీలకూ, బడి పిల్లల తల్లిదండ్రులకూ ఒక మనవి. జీపు ఎక్కబోయేముందు ఒక్కసారి చక్రం వైపు చూడండి. అది మడ్‌గార్డు లోపల ఉంటే ఎక్కండి. బయటికి వచ్చి ఉంటే, ముఖ్యంగా వాన పడుతుంటే, తరవాతి ఆటోకు వెళ్ళినా నష్టం లేదు.

బావమరిది జీపు మూడు నెలలు మేస్త్రిగారి షెడ్డులోనే ఉంది. పాత చక్రాలు అయిదూ వాళ్ళ పశువుల కొట్టంలో దొరికాయి. ఒకదానిలో కోడి పొదుగుతోంది. పిల్లలు లేచేదాకా ఆగుదామంది వాళ్ళ అమ్మ. మిగతా నాలుగూ తుడిచి బిగించారు. లావు చక్రాల్లో కాలవలో పడని మూడింటిని కొంటామని ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి అడిగారు. మంచి ధరే చెప్పారు. గాజులు విడిపించుకోవడానికి డబ్బు కావాలి, ఇస్తే ఇంకెవరి బండికో వెడతాయి. వాడు ఇంకా తేల్చుకోలేదు. ఆ మూడూ ప్రస్తుతం మా అరుగు మీద ఉన్నాయి.